మూతపడిన పత్రికల జాబితాలో ‘గృహలక్ష్మి’ ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మూతపడిన తెలుగు పత్రికల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. భారతి, ఆంధ్రపత్రిక, యువ, మొన్న మొన్న 2021లో ఆగిపోయిన చతుర, విపుల, అన్నిటినీ పేరుపేరునా తలుచుకున్నారు. శ్రద్ధగా రాసిన వ్యాసమే. కానీ అన్ని పేర్లలో ఒక్క మహిళా పత్రిక పేరు కూడా లేదు. ‘హిందూ సుందరి’ లేదు, ‘గృహలక్ష్మి’ లేదు, ‘ఆంధ్ర మహిళ’ లేదు. మా కళ్ళ ముందు వచ్చిపోయిన ‘వనిత’, ‘వనితాజ్యోతి’ కూడా లేవు. వ్యాసకర్త కావాలని వదిలేశారని నేను అనను. ఆడవాళ్ళ పత్రికలంటే వంటలు, ముగ్గులు, అల్లికలు అనే అభిప్రాయం మనవాళ్ళలో ఎప్పటి నుంచో పాతుకుపోయింది. అవి పుట్టినప్పుడూ ఎవరూ లెక్క రాసుకోలేదు, పోయినప్పుడూ రాసుకోలేదు. ఆ లెక్క కొంచెమైనా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

చీరాల చుట్టుపక్కల శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే పోస్టులో వచ్చిన పత్రికలు రిజిస్టర్లో ఎక్కించడం, స్టాంపు వేయడం, టేబుళ్ళ మీద సర్దడం, ఏడాది తిరిగాక కట్టలు కట్టి బైండింగుకు పంపడం నా ఉద్యోగం. ఏ పత్రిక ఎవరు చదువుతున్నారో, ఏ పేజీ ముందు నలుగుతుందో మా కంటే బాగా ఎవరికీ తెలియదు.

గృహలక్ష్మి సంగతి ముందు చెబుతాను. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి గారు దాన్ని మొదలుపెట్టారు. ఆయన మా వైపు మనిషే. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టి, పేదరికంలో చిన్నప్పుడే మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చుకుని కేసరి కుటీరం పెట్టారు. అక్కడ తయారైన ‘లోధ్ర’ అనే మందు ఆడవాళ్ళ జబ్బులకని తెలుగు దేశమంతా అమ్ముడుపోయింది. లొద్దుగ చెక్క పేరు మీద వచ్చిన మందు అది. మద్రాసులో తెలుగు పిల్లల కోసం ఆయన పెట్టిన కేసరి హైస్కూలు పేరు చాలామందికి తెలుసు. పత్రిక పేరు చెబితే మాత్రం ముఖాలు చూసుకుంటారు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక వెనక అమృతాంజనం ఉన్నట్టే, గృహలక్ష్మి వెనక లోధ్ర ఉంది. దీన్ని చిన్నచూపుగా చెప్పేవాళ్ళున్నారు. మందు అమ్ముకోవడానికి పత్రిక పెట్టాడని. మందు అమ్ముకోవడానికి ఒక కరపత్రం చాలు కదా! ఆడవాళ్ళ చేత రాయించి, 1934 నుంచి మంచి రచయిత్రిని ఎంపిక చేసి బంగారు కంకణం తొడగాల్సిన అవసరం మందుల వ్యాపారికి ఏముంది? గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నది బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ గారు. తర్వాత ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ గారు, ఇంకా తర్వాత లత గారు, ఇలా ఎందరో. సాహిత్య అకాడమీలు పుట్టకముందు, ఒక ఆడమనిషి రాసింది చూసి నలుగురి ముందు చేతికి బంగారం తొడిగిన చోటు అది. రాస్తే ఏమొస్తుంది అని ఇంట్లో అడిగేవాళ్ళకు అంతకు మించిన జవాబు ఏముంటుంది?

వరలక్ష్మమ్మ గారి గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆవిడ అంతకుముందే ఆంధ్రపత్రిక వారపత్రికలో లీలావతి అనే పేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ రాసేవారు. గృహలక్ష్మిలో ‘శారద లేఖలు’ మొదలుపెట్టారు. శారద అనే ఆవిడ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలు అవి. అందులో లేని విషయం లేదు. అప్పుడే వచ్చిన శారదా చట్టం, అంటే ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదన్న 1929 నాటి చట్టం, రాట్నం, ఖద్దరు, విడాకులు, ఆస్తి హక్కు, మహిళా సభలు. ఉపన్యాసంలా చెబితే ఎవరు వింటారు? ఆవిడ ఒక ఆడది మరో ఆడదానికి రాసుకునే ఉత్తరంలా రాశారు. చదివే ప్రతి మనిషీ ఆ ఉత్తరం తనకే వచ్చిందనుకుంది. అనుకోవడమే కాదు, జవాబు రాయాలనుకుంది. మహిళా పత్రిక ఎందుకు పెరిగింది అని నన్ను అడిగితే నేను చెప్పే కారణం ఇదే.

మా నాయనమ్మ బాపట్ల కోడలు. వరలక్ష్మమ్మ గారు 1931లో పెట్టిన స్త్రీ హితైషిణీ మండలికి వెళ్ళేది. వీధికంతా కలిపి ఒక్క ఇంటికే గృహలక్ష్మి చందా ఉండేది. ఆ ఒక్క సంచికా ఇల్లిల్లూ తిరిగేది. నాయనమ్మ దాచుకున్న కాపీల అట్టల మీద పెన్సిల్‌తో వరసగా ఇళ్ళ పేర్లు రాసి ఉండేవి. పంతులమ్మ గారు, కరణం గారి ఇల్లు, పెద్ద పెంకుటిల్లు, రైలుకట్ట అవతల వాళ్ళు, ఇలా. చదివిన వాళ్ళు తమ పేరు పక్కన టిక్కు పెట్టి పక్కింటికి పంపాలి. ఒక సంచిక మీద పెద్ద పెంకుటింటి దగ్గర టిక్కు లేదు, కొట్టివేత ఉంది. ఆ ఇంట్లో మగవాళ్ళు వద్దన్నారట. తర్వాతి సంచికలో ఆ ఇంటి పేరు మళ్ళీ ఉంది, టిక్కుతో సహా. ఎలా ఒప్పించారో నాయనమ్మ ఎంత అడిగినా చెప్పేది కాదు, నవ్వేసేది.

ఆస్తి హక్కు మీద రాసిన ఉత్తరం ఉన్న పేజీలో అంచున నాయనమ్మ చేతిరాత: ‘నాన్నకు చెప్పాలి.’ దాని కింద వేరే సిరాతో: ‘చెప్పాను. నవ్వారు.’ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు 1985 నుంచి వర్తించేలా మన రాష్ట్రంలో చట్టం వచ్చినప్పుడు నాయనమ్మకు ఎనభై దాటాయి. పేపర్లో ఆ వార్త చదివించుకుని, పెట్టె తీయించి, ఆ పేజీ నాకు చూపించింది. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు ఆ చట్టం వర్తించదని నేను చెబితే, ‘నాకు కాదులే, నీకు’ అంది. నాకూ అప్పటికి పెళ్ళయింది. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను.

గృహలక్ష్మి ఆకాశం నుంచి ఊడిపడలేదు. వీరేశలింగం గారు 1883లోనే సతీహితబోధిని నడిపారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఏలూరులో హిందూ సుందరి పెట్టారు. మోసలికంటి రమాబాయమ్మ గారు, వెంపల శాంతాబాయి గారు సంపాదకత్వం వహించారు. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు సావిత్రి పత్రిక నడిపారు. ఆవిడకు వితంతు వివాహాల విషయంలో వీరేశలింగం గారితో పేచీ. ఆవిడ అభిప్రాయం నాకు నచ్చదు. అయినా అంత పెద్దమనిషితో ఒక ఆడమనిషి అచ్చులో వాదం పెట్టుకున్న రోజులవి అని గుర్తు చేసుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత వింజమూరి వెంకటరత్నమ్మ గారి అనసూయ వచ్చింది. ఇంకా తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళ వచ్చింది. అందరూ ఒకే మాట మీద లేరు. అందుకే చదవబుద్ధయ్యేది.

హిందూ సుందరి పాత సంచికలు దొరకడం వల్ల ఏం జరిగిందో మీ పాఠకులకు చెప్పాలి. తెలుగులో మొదటి ఆధునిక కథ గురజాడ గారి 1910 నాటి ‘దిద్దుబాటు’ అని మేమంతా స్కూల్లో చదువుకున్నాం. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902లోనే హిందూ సుందరిలో అచ్చయింది. ఒక మహిళా పత్రిక పాత కట్టల్లో ఇంత పెద్ద సంగతి దశాబ్దాల పాటు పడుకుని ఉంది. చూసినవాళ్ళు లేక కాదు, అందులో ఏముంటుందిలే అనుకోవడం వల్ల. గృహలక్ష్మి కట్టల్లో ఇంకా ఏమేం ఉన్నాయో ఎవరు చూశారు?

ఇక పడిపోవడం గురించి. కేసరి గారు 1953లో కన్నుమూశారు. అదే ఏడాది ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనది కాకుండా పోయింది. 1956 తర్వాత ఉద్యోగాలు, ప్రెస్సులు, రచయితలు మెల్లగా హైదరాబాదు, విజయవాడ దారి పట్టారు. ఒక మనిషి సంపాదన మీద, ఒక మందు అమ్మకాల మీద నిలబడ్డ పత్రికకు ఆ మనిషి పోయాక, ఆ ఊరు మారిపోయాక బలం ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఉద్యోగంలో చేరేసరికి గృహలక్ష్మి అన్న పేరు స్వర్ణకంకణం వల్లే తప్ప పత్రిక వల్ల ఎవరికీ గుర్తు లేదు.

డబ్బు ఒక్కటే కారణమని నేను నమ్మను. 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ వచ్చింది. దశాబ్దాల తరబడి నడిచింది. వంట దగ్గర్నుంచి వైద్యం దాకా, ప్రపంచ రాజకీయాల దాకా ఆవిడకు తెలియని విషయం లేదు. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. మా అమ్మ ఆ పేజీలు కత్తిరించి పాత లెక్కల పుస్తకంలో అతికించుకునేది. కానీ ఒకటి గమనించండి. అక్కడ పాఠకురాలు ప్రశ్న అడుగుతుంది, ఆవిడ జవాబు చెబుతారు. శారద లేఖ చదివిన మనిషి తనూ ఒక లేఖ రాయాలనుకుంది. ప్రమదావనం చదివిన మనిషి తన కష్టం చెప్పుకుని సలహా కోసం ఎదురుచూసింది. తర్వాత వచ్చిన మహిళా పత్రికలు ఈ రెండో దారే పట్టాయి. డాక్టరు గారి సలహా, లాయరు గారి సలహా, సౌందర్య సలహా. మాలతీ చందూర్ గారి చదువు, సంస్కారం అందరికీ ఎక్కడి నుంచి వస్తాయి? చివరికి మొటిమలు పోవడానికి ఏం రాసుకోవాలి అనే దగ్గర ఆగింది.

ఇంకో పక్క 1960, 70ల్లో రచయిత్రుల నవలలు వెల్లువెత్తాయి. రంగనాయకమ్మ గారు, యద్దనపూడి గారు, మాదిరెడ్డి సులోచన గారు, వాసిరెడ్డి సీతాదేవి గారు. వారపత్రికలన్నీ వాళ్ళ సీరియళ్ళ మీదే నడిచాయి. మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులు కూడా అవే. ఇది మంచికే జరిగింది. ఆడవాళ్ళు రాయాలంటే ఆడవాళ్ళ పత్రికే కావాలన్న గతి తప్పింది. అయితే అప్పుడు లాభపడింది పేరున్న రచయిత్రి. ఒకటి రెండు కాగితాలు రాయగలిగిన మామూలు ఇల్లాలికి, నూలు వడికే మనిషికి, పల్లెటూరి పంతులమ్మకు ఉన్న చోటు పోయింది.

నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ చోటు ఉంటే ఏమవుతుందో కళ్ళారా చూశాను. మా లైబ్రరీకి మధ్యాహ్నం పూట మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. చేనేత ఊళ్ళో ఆడవాళ్ళకు తీరిక ఉండదు. పిల్లల్ని బడి నుంచి తీసుకెళ్ళడానికి వచ్చి, గంట కొట్టే లోపల ఓ పావుగంట కూర్చునేవారు. మహిళా మాసపత్రికలు పెట్టిన బల్ల దగ్గరే కూర్చునేవారు. ముగ్గులు కాపీ చేసుకునేవాళ్ళు చేసుకునేవారు, కథలు చదివేవాళ్ళు చదివేవారు. అందులో ఒకావిడ ఎప్పుడూ ముందు ఉత్తరాల పేజీ తీసేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, నేనూ రాస్తానండీ, తప్పులు దిద్దుతారా అంది.

ఏం రాసిందో చూడండి. చీర నేసినందుకు మజూరీ వస్తుంది. అది మగ్గం మీద కూర్చున్న మగమనిషి పేరున లెక్కేస్తారు. ఆ చీర నేయాలంటే ముందు ఆసు మీద నూలు పోయాలి, అచ్చులో పోగులు అతకాలి, కండెలకు నూలు చుట్టాలి. ఆ పనంతా ఇంట్లో ఆడది చేస్తుంది. దానికి లెక్క లేదు. ‘మా ఆయన రోజుకు ఎంత నేశాడని షావుకారు అడుగుతాడు. నేను ఎన్ని కండెలు చుట్టానని ఎవరూ అడగరు’ అని రాసింది. నేను కామాలు, పొల్లులు దిద్దాను తప్ప మాట మార్చలేదు. పోస్టు చేశాం. తర్వాత నెల పత్రిక వచ్చేదాకా ఆవిడ రోజూ వచ్చి పోస్టు కట్ట విప్పారా అని అడిగేది. ఉత్తరం అచ్చయింది. బల్ల చుట్టూ ఉన్న నలుగురైదుగురికీ పైకి చదివి వినిపించింది. రెండు నెలల తర్వాత అదే పేజీలో పొగాకు ఆరబెట్టే బ్యారనుల దగ్గర ఆకు గుచ్చే పని చేసే ఒకావిడ ‘చీరాల అక్కకు’ అని మొదలుపెట్టి తన కూలి సంగతి రాసింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

ఈ పని ఏ సలహాల శీర్షిక చేయగలదు?

1990ల నుంచి దినపత్రికలు ఆడవాళ్ళకు పేజీలు పెట్టడం మొదలుపెట్టాయి. ఈనాడు వసుంధర పెట్టింది, తర్వాత అందరూ పెట్టారు, మీరూ పెట్టారు. రోజూ ఉదయం పేపర్‌తో పాటే ఇంటికి వచ్చే పేజీ ఉండగా, విడిగా డబ్బు పెట్టి మాసపత్రిక ఎవరు కొంటారు? మధ్యాహ్నాలను టీవీ సీరియళ్ళు తీసుకున్నాయి. ప్రకటనలిచ్చేవాళ్ళు అటు పోయారు. మిగిలిన పత్రికలను నిలబెట్టింది తెల్లబడే క్రీముల ప్రకటనలే. ఆ ప్రకటన అట్ట వెనక వేసుకుని లోపల నల్లగా ఉన్న పిల్ల ఆత్మగౌరవం గురించి కథ వేయడం ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు. లోధ్ర ప్రకటన వేసుకున్న గృహలక్ష్మికి ఆ కష్టం రాలేదు. శారద ఏం రాసినా లోధ్ర అమ్మకం తగ్గదు కదా.

లైబ్రరీల వైపు నుంచి కూడా దెబ్బ పడింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. అది స్థానిక సంస్థల నుంచి లైబ్రరీలకు సరిగా చేరితే కదా! డబ్బు లేదనగానే మొదట కొట్టేసేది చందాల జాబితా. ఆ జాబితాలో ముందు కొట్టేసేది మహిళా పత్రికలు. నేను పనిచేసిన ఒక చోట పోటీ పరీక్షల పిల్లలకు కుర్చీలు చాలడం లేదని మహిళా పత్రికల బల్ల తీసేశారు. ఆ పిల్లలకు చోటు కావాలి, కాదనను. ఇంకో బల్ల వేయడానికి వరండా ఉంది. వేయలేదు. బల్ల పోయాక ఆడవాళ్ళు రావడం మానేశారు. రావడం లేదు కాబట్టి పత్రికలు తెప్పించడం మానేశారు. పాత బైండ్లు చోటు తింటున్నాయని కిలోల లెక్కన తూకానికి వేశారు. పాత కాగితాల కొట్టుకు వెళ్ళి నేను కొన్ని కొనుక్కొచ్చుకున్నాను. మిగతావి అప్పటికే పొట్లాలకు పోయాయి.

ఆ బైండ్ల విషయంలో ఇంకో బాధ ఉంది. బైండింగ్ చేసేవాళ్ళు లావు తగ్గడానికి అట్టలూ, ప్రకటనల పేజీలూ చింపేసి కుట్టేవారు. అంచులు కటింగ్ మిషన్‌లో పెట్టి సమంగా కోసేవారు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి పురుగు పట్టకుండా ఎంతో జాగ్రత్తగా అట్ట అతికించేవాళ్ళే, లోపలి ప్రకటనలను చెత్తబుట్టలో వేసేవారు. మా నాయనమ్మ కాపీలు బైండింగుకు వెళ్ళలేదు కాబట్టి అట్టల మీద పేర్లు మిగిలాయి, అంచున ఆవిడ రాత మిగిలింది. లైబ్రరీ బైండ్లలో చదివినవాళ్ళ చేతిరాతలూ లేవు, లోధ్ర ధర ఎంతో చెప్పే పేజీలూ లేవు. పత్రిక ఎవరి డబ్బుతో నడిచిందో, ఎవరి చేతుల్లో తిరిగిందో ఆ రెండూ పోయిన కట్ట అది. కథలూ వ్యాసాలూ మాత్రం ఉంటాయి.

ఇదంతా చదివి, ఆడవాళ్ళ పత్రికల కాలం అయిపోయిందని ముసలమ్మ ఏడుస్తోంది అనుకోకండి. హైదరాబాద్ నుంచి భూమిక 1993లో మొదలై, ప్రకటనల మీద ఆధారపడకుండా, ఆడవాళ్ళ మాటకు చోటిచ్చింది. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్ళే విలేకరులై, తామే రాసి తామే దిద్దుకుని 2001లో నవోదయం అనే పత్రిక తెచ్చారు. గొర్రెల జబ్బు దగ్గర్నుంచి బాల్య వివాహం దాకా తమ ఊరి సంగతులు తమ యాసలో రాసుకున్నారు. వరలక్ష్మమ్మ గారు వాటిని చూసి ఉంటే ఎంత మురిసిపోయేవారో! ఇవాళ ఫోన్లలో రాసే ఆడపిల్లలను చూస్తున్నాను. మా మనవరాలు సీరియల్ రాస్తుంది, వేలమంది చదువుతారు. రాసే తపన ఎక్కడికీ పోలేదు. కానీ రాసింది చదివి, ఇక్కడ ఇంకొంచెం చెప్పమ్మా, ఇది ఎందుకు దాచావు అని అడిగే సంపాదకురాలు ఆ పిల్లకు లేదు. చీరాల అక్కకు జవాబు రాసిన మనిషిలాంటి పాఠకురాలు కూడా లేదు. బొటనవేలు బొమ్మలు, గుండె బొమ్మలు వస్తాయి, అంతే.

అందుకని మీకు నా విన్నపాలు రెండు, పాఠకులకు ఒకటి.

మీ మహిళల పేజీలో రోజూ విజేతల కథలు వేస్తున్నారు. స్టార్టప్ పెట్టినావిడ, ఐఏఎస్ అయినావిడ, పతకం తెచ్చినావిడ. వేయండి, చూసి మా పిల్లలకు ధైర్యం వస్తుంది. వారానికి ఒక్క రోజు ఆ పేజీలో సగం పాఠకురాళ్ళ ఉత్తరాలకు వదలండి. ప్రశ్నలు కాదు, ఉత్తరాలు. మీ సబ్ ఎడిటర్లు తిరగరాయకుండా, రాసినావిడ మాట రాసినట్టుగా. మొదట్లో మంచివి రాకపోవచ్చు. కొన్ని నెలలు ఓపిక పట్టండి. ఒక ఉత్తరానికి ఇంకో ఉత్తరం జవాబుగా వచ్చిన రోజున ఆ పేజీ ముందు నలుగుతుంది, నా అనుభవం మీద చెబుతున్నాను.

రెండోది, మూతపడిన పత్రికల మీద ఇంకో వ్యాసం వేయండి, మహిళా పత్రికల మీద మాత్రమే. ప్రెస్ అకాడమీ వారు పాత పత్రికలు చాలా స్కాన్ చేయించారు, అది గొప్ప పని. ఆ పని మళ్ళీ మొదలుపెట్టి, తెలుగు రాష్ట్రాల రెండింటిలోనూ మిగిలిన మహిళా పత్రికలను అట్టలతో, ప్రకటనలతో, అంచు రాతలతో సహా స్కాన్ చేయించమని మీ పత్రిక అడిగితే వింటారు. నాలాంటి రిటైరైన లైబ్రేరియన్ అడిగితే దరఖాస్తు ఫైలులో ఉండిపోతుంది. ఉండిపోయింది కూడా.

పాఠకులకు: మీ ఇళ్ళల్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెల్లో గృహలక్ష్మి, హిందూ సుందరి, ఆంధ్ర మహిళ, వనిత లాంటివి ఏ ఒక్క సంచిక ఉన్నా తూకానికి వేయకండి. చిరిగిపోయినా పరవాలేదు. సెల్లో టేపు మాత్రం అంటించకండి, అది కొన్నాళ్ళకు పసుపు పచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. దుమ్ము మెత్తని పొడిగుడ్డతో తుడిచి, తెల్ల కాగితంలో చుట్టి పెట్టండి. పంపేముందు అట్ట మీదా, అంచుల్లోనూ ఎవరైనా ఏమైనా రాశారేమో చూసి, ఆవిడ ఎవరో, ఏ ఊరో మీకు తెలిసినంత ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతున్న చోటు, గాంధీ గారు 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అలాంటి గ్రంథాలయం మీకు దగ్గరలో ఏది ఉంటే దానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రశీదు అడిగి తీసుకోండి.

నా దగ్గర ఉన్న కాపీలు కూడా స్కాన్ చేయడానికి ఇస్తాను. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు,
చీరాల, బాపట్ల జిల్లా